జాకీని నమ్ముకుని

కారు కింద ఛాతీ దాకా దూరి, టార్చిలైటు పళ్ల మధ్య కరిచిపట్టుకుని, స్టార్టర్ బోల్టు కోసం చేత్తో తడుముకుంటున్నాను. ఎవరో నా రెండు చీలమండలూ పట్టుకుని ఒక్క ఊపున బయటికి లాగారు. వీపు కింద అట్టముక్క పరుచుకున్నాను కాబట్టి సరిపోయింది. లేకపోతే కాంక్రీటు మీద చొక్కాతోపాటు చర్మం కూడా లేచిపోయేది. తీరా చూస్తే పక్కింటి పెద్దాయన. డెబ్బై ఆరేళ్ల మనిషి, మోకాళ్ల మీద చేతులు ఆనించుకుని రొప్పుతున్నాడు.

"నీకు భార్య ఉంది కదా?" అన్నాడు. ఉందన్నాను. "పిల్లలు?" ఒక పాప అన్నాను. ఇంకేమీ అనలేదు. ముందు మడ్‌గార్డు మీద అరచెయ్యి పెట్టి ఉయ్యాల ఊపినట్టు కారును ఊపాడు. ఒకసారి, రెండుసార్లు. మూడోసారికి జాకీ పక్కకు ఒరిగి జారిపోయింది. కారు ధబ్బున దిగింది. అరనిమిషం కిందట నా తల ఉన్నచోట ఇంజను అడుగు రేకుకూ నేలకూ మధ్య ఇప్పుడు జానెడు సందు కూడా లేదు. ఆయన చేతులు దులుపుకుని వెళ్లిపోయాడు. అరగంట తర్వాత తోటపని తోపుడుబండిలో రెండు ఇనుప పీటలు వేసుకొచ్చి, మా వాకిట్లో దించి, మళ్లీ మాట్లాడకుండానే వెళ్లిపోయాడు. పచ్చరంగు జాకీ స్టాండ్లు.

ఆ రాత్రంతా నాకు ఒళ్లు మండుతూనే ఉంది. చావు తప్పిందన్న సంతోషం ఎక్కడా లేదు. చిన్నపిల్లవాణ్ని లాగినట్టు కాళ్లు పట్టి లాగడమేమిటి? తిట్టినా బాగుండేది, తిరిగి ఏదో ఒకటి అనేవాణ్ని.

అయినా నాకు చెప్పేవాడా ఈయన? మాది విజయవాడ. ఇల్లు పటమటలో. ఆటోనగర్ గేటుకు సైకిలు మీద పది నిమిషాలు. ముందు అద్దం కూడా లేని ఉత్త చాసిస్‌ను ముఖానికి తువ్వాలు చుట్టుకున్న డ్రైవరు తోలుకొస్తే, ఆటోనగర్ దాన్ని మింగి, కొన్నాళ్లకు రంగులద్దిన లారీని బయటికి వదులుతుంది. అక్కడ పొద్దుటి నుంచి రాత్రి దాకా బండ్ల కింద నుంచి జతలు జతలుగా కాళ్లు కనిపిస్తూనే ఉంటాయి. ఆ బండ్లను మోసేవి ఇటుకలు, చెక్కదుంగలు, పాత రిమ్ములు. నేను చూసినంతలో పచ్చ పీటలు ఎవరికీ లేవు. అమెరికాలో, ఇప్పుడు నేనుండే ఈ డెట్రాయిట్ శివార్లలో ఉంటే ఉండవచ్చు, ఆటోనగర్ పక్కన పెరిగినవాడికి ఒకడు పాఠం చెప్పడమా, అని పడుకున్నాను.

నిద్ర పట్టలేదు. పట్టకపోయేసరికి అసలు సంగతి గుర్తుకొచ్చింది. ఆ కాళ్లలో నావి ఎప్పుడున్నాయి?

మా ఇంట్లో జరిగిన మరమ్మతులన్నీ నాన్న చేతక్ స్కూటరు దగ్గరే ఆగిపోయాయి. పక్కకు వంచి కిక్కు కొట్టడం, ప్లగ్గు విప్పి గరుకు కాగితంతో రుద్దడం. తర్వాత పాత మారుతి వచ్చింది, దానితోపాటు మేస్త్రి వచ్చాడు. ఆదివారం పూట ఆయన బానెట్ ఎత్తితే పక్కన నిలబడేవాణ్ని. ఒకసారి పానా అందుకోబోయాను. "వదిలెయ్యిరా, చేతులు పాడవుతాయి. వెళ్లి చదువుకో" అన్నాడు నాన్న. వెళ్లి చదువుకున్నాను. ఏం చదివానంటే, మెకానికల్ ఇంజనీరింగ్. ఇప్పుడు చేసే ఉద్యోగంలో, జాకీ ఆనే చోట కారు అడుగురేకు ఎంత బరువుకు ఒంగుతుందో కంప్యూటర్లో లెక్కగట్టడం కూడా ఒక భాగం. ఈ ముక్క పెద్దాయనకు ఇంతవరకూ చెప్పలేదు.

మరి ఈ తంటా ఎందుకంటే, కారు స్టార్టు కావడం లేదు. తాళం తిప్పగానే ఇంజనును తిప్పి లేపే స్టార్టర్ మార్చడానికి గ్యారేజీవాళ్లు 640 డాలర్లు అన్నారు. కూలి గంటకు 140. కారు 2004 నాటి జపాను సెడాన్, నేను కొన్నదే 2,800కు. అమ్మేసి కొత్తది తీసుకో అని మనవాళ్లందరూ చెప్పారు. గ్రీన్‌కార్డు వరుసలో నిలబడ్డవాడు ఐదేళ్ల అప్పు మీద సంతకం పెట్టే ముందు ఎన్ని లెక్కలు వేసుకుంటాడో ఇది చదివేవాళ్లలో సగం మందికి తెలుసు, వివరించను.

శనివారం పెద్దాయన మీటరు పట్టుకుని తనే వచ్చాడు. ముందు తాళం తిప్పి చెవిపెట్టి వినమన్నాడు. టకటకటకమని గబగబా కొట్టుకుంటే బ్యాటరీలో పస లేనట్టు, లేదా తీగల కొసలు సరిగ్గా పట్టడం లేనట్టు. ఒక్కటే 'టక్' అని ఊరుకుని, హెడ్‌లైట్ల వెలుగు మాత్రం తగ్గకుండా ఉంటే అనుమానం స్టార్టర్ మీదికి పోవాలి. మాది ఒక్కటే టక్. అయినా ఆయన ఆగలేదు, బ్యాటరీ కొసల మీద మీటరు పెట్టించాడు. రాత్రంతా కదలని కారులో 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగం. 12 కూడా లేకపోతే ముందు ఛార్జింగు పెట్టి ఆ తర్వాతే మిగతా మాటలు. ఇంజను నడుస్తున్నప్పుడు 14 దగ్గర చూపించాలి, అప్పుడూ 12 దగ్గరే ఉంటే బ్యాటరీకి కరెంటు నింపే యంత్రం, మనం డైనమో అనేది, పని చేయడం లేదన్నమాట. ఇక్కడి జనవరిలో మైనస్ 18 డిగ్రీలకు దిగినప్పుడు మంచి బ్యాటరీకి కూడా సత్తా దాదాపు సగానికి పడిపోతుంది, అందుకే చాలా బండ్లు ఆ ఉదయాల్లోనే మొరాయిస్తాయి. మన ఊళ్లోలాగా నలుగురం చేరి నెట్టి గేరులో వేద్దామంటే కుదరదు. ఆటోమేటిక్ గేరు బండి అలా నెడితే స్టార్టు కాదు.

కొసల మీద తెల్లగా, నీలంగా బూజులాంటి పొడి పేరుకుని ఉంది. బజ్జీల కోసం దాచిన వంటసోడాను నీళ్లలో కలిపి, పాత టూత్‌బ్రష్షుతో రుద్దితే నురగలు కక్కుతూ వదిలింది. విప్పేటప్పుడు ముందు నెగటివ్, బిగించేటప్పుడు నెగటివ్ చివర. కారు ఒళ్లంతా నెగటివ్‌కే కలిసి ఉంటుంది. అది తగిలించి ఉండగా పాజిటివ్ కొసను విప్పుతూ పానా గనక రేకుకు తగిలిందా, నిప్పులే. ఎక్కాల్లాగా దీన్ని నా చేత మూడుసార్లు అప్పజెప్పించాడు. ఇదీ నేను చదువుకున్నదే. పరీక్షలో ఎవరూ అడగలేదు.

తర్వాత ఎత్తడం. చదునైన నేల, హ్యాండ్ బ్రేకు, వెనక చక్రాలకు ముందూ వెనకా చెక్క ఆపుళ్లు. కారుతో వచ్చే మడత జాకీ స్టెప్నీ మార్చడానికి తప్ప ఇంకెందుకూ కాదన్నాడు. దాని పాదం అరచేతంత. అది ఎత్తుతుంది, అంతవరకే. బరువు మొయ్యాల్సింది పీటలు. వాటి మీదికి దించాక మనిషి దూరకముందే కారును బలంగా ఊపి చూడాలి. ఊపి చూపించాడు. కదలలేదు. నా వైపు తిరిగి చూడకపోవడం ఆయన మర్యాద.

బోల్టులు ఒక పట్టాన రాలేదు. డెట్రాయిట్ నగరం కింద వెయ్యి అడుగులకు పైగా లోతున ఉప్పుగని ఉంది. చలికాలమంతా ఈ రాష్ట్రం రోడ్ల మీద ఉప్పు చల్లుతూనే ఉంటుంది, మంచు కరుగుతుంది, కార్లు అడుగునుంచి తుప్పుపట్టిపోతాయి. తుప్పు వదిలే నూనె కొట్టి, సాయంత్రం దాకా నాననిచ్చి, అప్పుడు పొడవాటి కాడ తగిలించి విప్పాము.

ఈలోగా విడిభాగాల దుకాణానికి వెళ్లి, స్టార్టర్‌ను మన అలవాటు కొద్దీ సెల్ఫ్ మోటారు అంటూ, ఉందా అని అడిగాను. కౌంటరు దగ్గరి కుర్రవాడు అయోమయంగా చూశాడు. డైనమో అన్నా అంతే. స్టెప్నీ అన్నా అంతే. ఆ స్టెప్నీ వేల్స్‌లో ఒక వీధి పేరట. ఆ వీధిలో తయారైన అదనపు చక్రం మన దేశం దాకా వచ్చి పేరు వదిలిపెట్టి పోయింది, ఇటు మాత్రం రాలేదు. కుర్రవాడు మంచివాడు, కారుకు తగిలించి చూసుకొమ్మని తన పరికరం ఉచితంగా ఇచ్చి పంపాడు. 1996 మోడలు నుంచి ఇక్కడి కార్లన్నిటికీ స్టీరింగు కింద ఆ సాకెట్టు ఉంటుంది. ఇంజను దీపం వెలిగినప్పుడు ఎందుకు వెలిగిందో అక్కడ తెలుస్తుంది. కానీ నా 'టక్' గురించి ఆ పెట్టె నోరు విప్పలేదు.

పెద్దాయన కార్ల ఫ్యాక్టరీలో ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేశాడని తెలుసు కాబట్టి, ఈ విద్యంతా అక్కడిదే అనుకున్నాను. కాదట. అన్ని సంవత్సరాలూ కుడివైపు తలుపుల బందులు బిగించాడు. ఇంజను జోలికి పోయే పనే పడలేదు. ఇదంతా వాళ్ల నాన్న దగ్గర ఇంటి వాకిట్లో నేర్చుకున్నదే. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. మా వీధి చివర ఉండే డాక్టరు కూడా తన కారు ఆయిలు తనే మార్చుకుంటాడు, నల్లబడ్డ గోళ్లతో పలకరిస్తాడు. ఇదేమీ వీళ్ల గొప్పతనం కాదు, గంటకు 140 డాలర్లు నేర్పిన బుద్ధి అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. మన మేస్త్రి అంత అడిగి ఉంటే మా నాన్న కూడా మర్నాడే పానా పట్టేవాడు. ఇది కొంతవరకు నిజం. కానీ ఆనాడు నాన్న ఖర్చు మాట ఎత్తలేదు. చేతులు పాడవుతాయన్నాడు. పాడుచేసుకోవడానికి వేరే చేతులు ఉండేవి.

స్టార్టర్ ఊడివచ్చింది. పాతది తిరిగిస్తే బయానా వెనక్కి ఇస్తారు, కొత్తది తెచ్చి బిగించెయ్యమని పెద్దాయన సలహా. నాకు మాత్రం ఒకసారి మేస్త్రికి చూపించాలనిపించింది. ఇక్కడ శనివారం రాత్రి తొమ్మిది, అక్కడ ఆదివారం ఉదయం ఆరున్నర. వీడియోలో పిలిచాను.

"ఏం బాబూ, అక్కడ నువ్వే విప్పుతున్నావా?" అని చాలాసేపు నవ్వాడు. తర్వాత టక్ గురించి రెండు ప్రశ్నలు అడిగాడు. "మోటారు మార్చడమెందుకు? దాని దోషమేమీ లేదు. వెనక మూత విప్పు. లోపల రెండు రాగి బిళ్లలుంటాయి, అరిగిపోయి ఉంటాయి చూడు."

విప్పాను. ఒక బిళ్ల బాగానే ఉంది. రెండోది ఒక పక్క కాగితంలా పలచబడి, అంచు నల్లగా కాలిపోయి ఉంది. కరెంటు అందుకునే రాగికి అవతలి రాగి తగలడం లేదు, అదీ టక్‌కు అర్థం. కొత్త బిళ్లల జత పద్నాలుగు డాలర్లు. పద్నాలుగు! ఫోను చేతిలో పెట్టుకుని వాకిట్లో ఒక్కణ్నే గంతులేశాను. ఎనిమిది వేల మైళ్ల అవతల, పొద్దున్నే టీ తాగుతున్న మనిషి. చెవితో పట్టాడు. ఆ పచ్చ పీటల బాకీ తీరిపోయినట్టు, మనవాళ్లే గెలిచినట్టు అనిపించింది.

అప్పుడు అడిగాడు మేస్త్రి, "బాబూ, ఆ కారు కింద పచ్చగా ఉన్నవేమిటి?"

ఫోను దగ్గరగా పెట్టి చూపించాను. నాలుగు కాళ్లు, మధ్యలో పైకి జరిగే కడ్డీ, అది జారకుండా అడ్డంగా దూర్చే పిన్ను. ఇంకోసారి చూపించమన్నాడు. కాసేపు మాటలేదు.

"మేము ఇటుకలు పెట్టేవాళ్లం కదా. 89లో గేర్‌బాక్సు దించుతుంటే ఇటుక చిట్లింది" అన్నాడు.

మేస్త్రి కుడికాలు ఈడ్చి నడుస్తాడు. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ అంతే. పుట్టుకతో వచ్చిందనుకున్నాను. మా సందులో పిల్లలం ఆ నడకను అనుకరించి నవ్వుకునేవాళ్లం కూడా.

ఈసారి వచ్చేటప్పుడు ఒక జత తెస్తానన్నాను. పెట్టెకు 23 కిలోలే కదా, పచ్చళ్ల బరువు తగ్గించుకుంటానని అనబోయి, వెళ్లేటప్పుడు పచ్చళ్లు ఉండవని గుర్తొచ్చి ఊరుకున్నాను. "మొయ్యడం దేనికి బాబూ? నాలుగు పక్కలనుంచీ ఫొటోలు తీసి, కొలతలు రాసి పంపు. ఆటోనగర్‌లో చెయ్యలేనిదా?" అన్నాడు. పెద్దాయన దగ్గర టేపు అడిగి తీసుకుని, మర్నాడే కొలిచి పంపాను.

పది రోజులకు ఫొటో వచ్చింది. యాంగిల్ ఇనుముతో చేసిన నాలుగు స్టాండ్లు, ఎర్రరంగు, ఒక్కోదానికి పసుపు, కుంకుమ. రెండో ఫొటోలో అవి ఒక వ్యాను కింద ఉన్నాయి. వ్యాను కింద నుంచి ఎవరో కుర్రవాడి కాళ్లు, చెప్పులు లేకుండా.

పెద్దాయనకు చూపించాను. కళ్లద్దాలు పైకి నెట్టుకుని, బొమ్మను వేళ్లతో పెద్దది చేసి చూశాడు. అతుకులన్నీ ఒక్కొక్కటే చూశాడు. "ఆ పిన్ను మందం ఎంత?" అన్నాడు.

నాకు తెలియదు. మేస్త్రికి సందేశం పెట్టాను. పద్దెనిమిది మిల్లీమీటర్లు, లారీ స్ప్రింగు పిన్ను, అని జవాబొచ్చింది. పెద్దాయన తలాడించాడు గానీ ఫోను తిరిగివ్వలేదు. "బరువు ఎక్కించి చూశారా?"

అదీ అడిగాను. ఈసారి మేస్త్రి గొంతే వచ్చింది, వెనక ఎక్కడో వెల్డింగు చప్పుడు. "లారీ ఎక్కించాం బాబూ. రాత్రంతా ఉంచాం. ఆయన్ని నిద్రపొమ్మను."