హెచ్‌ఐవీ మందుల పేపర్ల జాబితాను ఎలా చదవాలి?

ఎరిక్ డి క్లెర్క్ బెల్జియంలోని ల్యూవెన్‌లో, రేగా ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన వైరాలజిస్టు. ఆయన పేరు మీద పేపర్లు వేలల్లో ఉన్నాయి. రసాయన శాస్త్రవేత్తలు ఎక్కడెక్కడి నుంచో కొత్త పదార్థాలను పరీక్షకు పంపుతారు, పరీక్షించిన ల్యాబ్ వాళ్ల పేర్లు రచయితల వరుస మధ్యలో చేరతాయి. ఇలాంటి పేపర్లలో చాలావాటి ఫలితం ‘పనిచేయలేదు’ అనే. అదీ తెలియాల్సిందే గానీ, అలాంటివి ఎన్ని లెక్కపెట్టినా మందు ఎలా పుట్టిందో అర్థం కాదు. ఒక్క పదార్థాన్ని పట్టుకుని జాబితా పొడవునా దాని వెంటే వెళ్లాలి.

ఇందుకు నాకు అన్నిటికంటే బాగా నచ్చే ఉదాహరణ ఏఎండీ3100 అనే పదార్థం. దీని మొదలే ఒక కల్తీ. సైక్లామ్ అనే పదార్థం ఒక బ్యాచ్‌లో హెచ్‌ఐవీని ఆపింది, శుద్ధి చేసిన సైక్లామ్ మాత్రం ఆపలేదు. పనిచేసింది అందులో కొద్దిగా కలిసివున్న, రెండు సైక్లామ్‌లు అతుక్కున్న బైసైక్లామ్. 1992లో వచ్చిన పేపర్ శీర్షికలోనే, ఇది వైరస్ పైతొడుగు విప్పుకునే దశను అడ్డుకుంటుందని ఉంది. 1994లో రెండు సైక్లామ్‌ల మధ్య బెంజీన్ వలయమున్న లంకె పెట్టిన రూపం వచ్చింది. అప్పట్లో జేఎం3100 అన్న ఇదే ఏఎండీ3100. దాని ఈసీ50, అంటే వైరస్‌ను సగానికి తగ్గించే మోతాదు, మిల్లీలీటరుకు 1 నుంచి 10 నానోగ్రాములు. కణాలను చంపే మోతాదు 500 మైక్రోగ్రాములకు పైనే. రెండింటి మధ్య ఎడం కనీసం 50 వేల రెట్లు.

అంకెలు అదిరిపోయినా, అది దేన్ని పట్టుకుంటోందన్న ప్రశ్న తెగలేదు. మందు సమక్షంలో వైరస్‌ను తరాల తరబడి పెంచి, మందుకు లొంగని వైరస్‌ను రాబట్టి జన్యువు చదివితే, మార్పులు జీపీ120లో కనిపించాయి. అది వైరస్ మన కణానికి అంటుకోవడానికి వాడే ప్రొటీన్. పైతొడుగు విప్పుకోవడం ఆ తరువాతి మాట. 1996లో మన కణాల మీదుండే సీఎక్స్‌సీఆర్4 అనే ప్రొటీన్ హెచ్‌ఐవీకి రెండో ద్వారమని తేలింది. 1997లో అదే ల్యాబ్, ఏఎండీ3100 మూసేది ఆ ద్వారాన్నేనని చూపింది. తన పాత శీర్షికను తానే సరిదిద్దుకున్న ల్యాబ్ అంటే నాకు గౌరవం. జాబితాలో వెతకాల్సింది ఇలాంటి జంట పేపర్లనే.

పేపర్ తెరిచాక పట్టిక కంటే ముందు పద్ధతుల భాగం చూడండి. ల్యూవెన్‌లో తరచూ వాడేది ఎంటీ-4 అనే మనిషి తెల్లకణాలు, కణాలు బతికాయో లేదో రంగుతో చెప్పే ఎంటీటీ పరీక్ష: 96 గుంతల పళ్లెం, 5 రోజులు, బతికిన కణాలు పసుపు రంగు ఎంటీటీని ఊదాగా మారుస్తాయి. పదార్థానికే ఎంటీటీని మార్చే గుణముంటే, కణాలు చచ్చినా బతికినట్టే రంగు వస్తుంది. అంచు గుంతల్లో ద్రవం ఆవిరైతే అక్కడి అంకెలు నమ్మకూడదు. ఇంకో చిక్కు: పరీక్ష ద్రవంలో సాధారణంగా ఉండేది 10 శాతం దూడపిండ సీరం (రక్తంలోని ద్రవభాగం). మనిషి సీరం ఎక్కువ కలిపితే, ప్రొటీన్లకు గట్టిగా అతుక్కునే మందుల ఈసీ50 చాలా రెట్లు పెరుగుతుంది. ఆ పరీక్షే లేకుండా రక్తంలో ఎంత మోతాదు చాలో చెప్పే పేపర్‌ను అనుమానించండి.

యూనిట్లతోనూ జాగ్రత్త. పాత పేపర్లలో మైక్రోగ్రాములు, అంటే బరువు లెక్క; కొత్తవాటిలో మైక్రోమోలార్, అంటే అణువుల సంఖ్య లెక్క. ఏఎండీ3100 అణుభారం సుమారు 503, ఎనిమిది హైడ్రోక్లోరైడ్‌ల ఉప్పు రూపంలో 794. అందుకే మిల్లీలీటరుకు 1 మైక్రోగ్రాము అంటే మొదటిదానికి దాదాపు 2 మైక్రోమోలార్, రెండోదానికి 1.26. పరీక్షించింది ఏ రూపమో చూడకుండా పోల్చితే ఒకే మందు రెండు మందుల్లా కనిపిస్తుంది.

ఏ వైరస్ వాడారో కూడా చూడాలి. సీసీఆర్5 అనే మరో ద్వారం గుండా వెళ్లే బీఏఎల్ అనే హెచ్‌ఐవీ రకం మీద ఏఎండీ3100 పనిచేయదు. ఎంటీ-4లో పెరిగే, సీఎక్స్‌సీఆర్4 వాడే రకాలతోనే పరీక్షిస్తే ఈ లోటు బయటపడదు. మనుషుల్లో మాత్రం దాగలేదు. నోటి ద్వారా ఒంటికి పట్టలేదు, పది రోజులు రక్తనాళంలోకి ఎక్కించాల్సి వచ్చింది. 2004లో అచ్చయిన ఆ ట్రయల్‌లో వైరస్ గట్టిగా తగ్గింది సీఎక్స్‌సీఆర్4 మీదే ఆధారపడే వైరస్ ఉన్న ఒక్క రోగిలోనే. ఆశ్చర్యంగా రక్తంలో తెల్లకణాలు పెరిగాయి, ఎముక మజ్జ నుంచి మూలకణాలు బయటికి వచ్చాయి. 2008లో అమెరికాలో అనుమతి దొరికింది హెచ్‌ఐవీకి కాదు, మూలకణాల సేకరణకు, ప్లెరిక్సాఫోర్ పేరుతో. అందుకే వెతికేటప్పుడు జేఎం3100, ఏఎండీ3100, ప్లెరిక్సాఫోర్ మూడు పేర్లూ వేయండి. ఒక్క పేరుతో వెతికితే కథ సగంలో తెగినట్టు కనిపిస్తుంది.