ఆగస్టు 15కు మాత్రమే గుర్తొచ్చే బ్యాండ్

దేవరకొండలో ఒక ప్రైవేట్ స్కూల్లో పిల్లలకు బ్యాండ్ నేర్పిస్తున్నాను. అసలు నేను పెళ్లిళ్లలో ట్రంపెట్ వాయించేవాణ్ణి, మా మేళం ఇటు మిర్యాలగూడ నుంచి అటు కల్వకుర్తి దాకా బరాత్‌లకు తిరిగేది. డీజే బండ్లు వచ్చాక పిలుపులు తగ్గాయి. 2020లో పెళ్లికి 50 మందికి మించి ఉండొద్దన్నప్పుడు బ్యాండును ఎవరు పిలుస్తారు, మాలో కొందరు ఆటోలు పట్టుకున్నారు, కొందరు రైస్ మిల్లుల్లో చేరారు, వెళ్లినవాళ్లలో చాలామంది మళ్లీ రాలేదు.

స్కూల్ జీతంతో బతకొచ్చు కదా అని అడుగుతుంటారు. ఆషాఢంలో, మూఢంలో పెళ్లిళ్లుండవు, శ్రావణం వస్తే ముహూర్తాలు మొదలవుతాయి, సరిగ్గా అప్పుడే స్కూల్ వాళ్లకూ ఆగస్టు 15 గుర్తొస్తుంది. జనవరి 26 అయితే మాఘ మాసం పెళ్లిళ్లకు అటూ ఇటుగా పడుతుంది. అంటే నాకున్న రెండు సంపాదనలూ ఒకేసారి మీద పడతాయి, మిగతా నెలలు చేతిలో పైసా ఆడదు. డబ్బుల సంగతి ఎలాగోలా సర్దుకుంటాను, నా బాధంతా పిల్లల గురించే.

ట్రంపెట్ ఊదడం బుగ్గల బలంతో అయ్యే పని కాదు. పెదవులు బిగించి, వాటి మధ్య నుంచి గాలి వదిలితే పెదవులే అదరాలి, ఆ అదురే శబ్దం. మౌత్‌పీస్ ఒక్కటే పట్టుకుని రోజూ కాసేపు ఊదుతూ పోతే నెలల మీద పెదవికి బలం వస్తుంది. "ఇంకా ఇరవై రోజులుంది, జనగణమన ఒక్కటి నేర్పించండి సార్ చాలు" అంటే ఏం జరుగుతుందో చెప్తాను. జాతీయ గీతం పూర్తిగా 52 సెకన్లు. చివర్లో మొదటి "జయహే" పైకి ఎక్కుతుంది, తర్వాతి రెండూ మెట్టు మెట్టుగా దిగుతాయి. ఆ పైకి ఎక్కే చోటికి వచ్చేసరికే ఎనిమిదో తరగతి పిల్లాడి పెదవి అలిసిపోయి ఉంటుంది, స్వరం అందక మౌత్‌పీస్‌ను మూతికేసి గట్టిగా అదుముతాడు, పెదవి మీద ఎర్రగా రింగు పడుతుంది, స్వరం మాత్రం పలకదు. అప్పుడు స్టేజీ మీద నుంచి చూసేవాళ్లు పిల్లాడికి రాలేదంటారు. వాడికి టైమ్ ఇవ్వలేదని మాత్రం ఎవరూ అనరు, నాకు కోపం వచ్చేది అక్కడే.

డ్రమ్ముల వైపు పరిస్థితి వేరు. మా దగ్గర ఒక తండా పాప ఉంది, ఏడో తరగతి, బేస్ డ్రమ్ తనదే. మొదటి వారం తనకు కర్ర ఇవ్వలేదు, అందరికీ లాగే పాత హవాయి చెప్పు మీద పుల్లలతో కొట్టించాను. తర్వాత డ్రమ్ భుజానికి తగిలించుకుని నడుస్తూ, "సార్, వీళ్లు ఉరుకుతున్నరు, నేను ఆగాల్నా, వీళ్లనే ఆపాల్నా?" అని అడిగింది. మార్చింగ్‌లో ఎడమ కాలు ఎప్పుడు పడాలో చెప్పేది బేస్ డ్రమ్మే, నిమిషానికి 120 అడుగులు, అది జారితే వెనక వరుసలన్నీ జారతాయి. "నువ్వే ఆపాలమ్మా" అన్నాను. ఆ రోజు నుంచి ఎవరెంత తొందరపడినా తన దెబ్బ కదల్లేదు, సైడ్ డ్రమ్ముల పిల్లలే తన దారికి వచ్చారు. ఇంట్లో పండుగలకు, పెళ్లిళ్లకు ఆటలు పాటలు చూస్తూ పెరిగిన పిల్ల, లయ నేను పెట్టింది కాదు, అయినా పంద్రాగస్టు అయిపోగానే ఆ డ్రమ్మును స్టోర్ రూమ్‌లో పెట్టి తాళం వేస్తారు.

అక్కడ వాయిద్యాలు కూడా పాడైపోతాయి. ట్రంపెట్ లోపల ఊపిరి తడి మిగిలిపోతే వాల్వులు పట్టేస్తాయి. ఎవరో మంచికే అనుకుని కొబ్బరి నూనె పోస్తారు, చలికాలంలో అది గడ్డకట్టి ఇంకా బిగుసుకుంటుంది, ఇక రిపేరుకు హైదరాబాద్ పోవాల్సిందే.

మొన్న స్కూల్ వాళ్లను అడిగాను, జూన్ నుంచే వారానికి రెండు పీరియడ్లు ఇవ్వండి, జీతం పెంచమని అడగను అని. చూద్దాం అన్నారు. మీలో ఎవరి పిల్లలైనా బ్యాండ్‌లో ఉంటే పేరెంట్స్ మీటింగ్‌లో మార్కులతో పాటు ఇదీ అడగండి, ప్రాక్టీస్ ఏడాదంతా ఉందా లేదా అని. నేనొక్కణ్ణే అడిగితే వినరు, ఫీజు కట్టేవాళ్లు అడిగితే వింటారు.