కోవెంట్రీలో శుక్రవారం ప్రార్థన

ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో రెండు కేథడ్రళ్లు (బిషప్ ఉండే పెద్ద చర్చిలు) పక్కపక్కనే ఉంటాయి. కొత్తది 1962లో ప్రతిష్ఠించారు. దాని రంగుటద్దాల కిటికీలు చూడ్డానికే చాలామంది వస్తారు. నేను వెళ్లింది పాతదాని కోసం. దానికి పైకప్పు లేదు. 1940 నవంబర్ 14 రాత్రి జర్మన్ బాంబులకు ఊరితోపాటు అదీ తగలబడింది. ఆ రాత్రి 500 మందికి పైగా చనిపోయారు. గుడికి మిగిలింది బయటి గోడలు, గోపురం.

ఆ గోడల మధ్య ప్రతి శుక్రవారం మధ్యాహ్నం 12 గంటలకు సమాధాన ప్రార్థన, అంటే పగ మరిచి కలిసిపోవడం కోసం ప్రార్థన, చేస్తారని తెలిసి, శుక్రవారమే చేరేలా బయల్దేరాను. తుంపర పడుతోంది. బలిపీఠం వెనక గోడ మీద చెక్కించిన మాట ‘తండ్రీ, క్షమించు’. చెక్కించింది ఈ చర్చికి అప్పటి పెద్ద గురువు రిచర్డ్ హోవార్డ్. బాంబులు పడ్డ ఆరు వారాలకే, క్రిస్మస్ రోజున, ఈ శిథిలాల నుంచే ఆయన రేడియోలో మాట్లాడారు. కష్టమే అయినా పగ అనే ఆలోచన మనసులోంచి తీసేద్దాం అన్నారు. సమాధుల మీద మట్టి ఆరకముందే ఆ మాట అనాలంటే ఎంత గుండె కావాలో!

ప్రార్థన చిన్నదే, 1958లో రాసింది. జాతికీ జాతికీ మధ్య ద్వేషంతో మొదలైంది. అది నేను ఊహించిందే. ఆ తర్వాత వచ్చినవే చురుక్కుమనిపించాయి. మనుషుల చేతి కష్టాన్ని దోచుకునే దురాశకు క్షమాపణ అడిగారు. ఖైదీలనూ ఇల్లు లేనివాళ్లనూ శరణార్థులనూ పట్టించుకోని మన ఉదాసీనతకూ అడిగారు. బాంబు వేసినవాడూ కూలి ఎగ్గొట్టినవాడూ ఒకే వరసలో నిలబడ్డారన్నమాట. క్షమాపణ మీద ఎన్నో ప్రసంగాలు విన్నాను గానీ, వాటిలో కూలి ఊసు ఎప్పుడో గాని రాలేదు.

బైబిల్లోని జక్కయ్య గుర్తొచ్చాడు, పన్నులు వసూలు చేసే ధనికుడు. యేసు ఇంటికొచ్చిన రోజే ఆస్తిలో సగం బీదలకిస్తానన్నాడు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్నాడు. కన్నీళ్లు పెట్టుకున్నట్టు సువార్తలో లేదు, డబ్బు లెక్క మాత్రం ఉంది.

కోవెంట్రీ వాళ్లూ ప్రార్థనతో సరిపెట్టలేదు. 1960ల మొదట్లో జర్మన్ యువకులు ఇక్కడికొచ్చి శిథిలాల్లో పనిచేశారు. 1965లో ఇక్కడి యువకులు జర్మనీలోని డ్రెస్డెన్ వెళ్లారు. అక్కడ మిత్రపక్షాల (బ్రిటన్, అమెరికా) బాంబులకు దెబ్బతిన్న డీకనెస్ (చర్చి సేవకురాళ్ల) ఆసుపత్రిని తిరిగి కట్టడంలో నెలల తరబడి చెయ్యి కలిపారు. అప్పుడది కమ్యూనిస్టు తూర్పు జర్మనీ, అంత తేలిగ్గా వెళ్లొచ్చే చోటు కాదు.

ఈసారి డ్రెస్డెన్ వెళ్లాలి. పేరున్న ఫ్రావెన్‌కిర్షె చర్చి కంటే ముందు ఆ ఆసుపత్రి చూడాలని ఉంది.