విల్నియస్ సెల్లారులో జెట్ పంపు

లిథువేనియా రాజధాని విల్నియస్‌లో బస్సు నెరిస్ నది దాటాక పైన్ చెట్ల మధ్య లజ్దినై కాలనీ కనిపిస్తుంది. ఫ్యాక్టరీలో పోసిన కాంక్రీటు పలకల్ని క్రేనుతో నిలబెట్టి అతికిన సోవియట్ కాలపు ఇళ్లు. 1974లో ఈ కాలనీ రూపశిల్పులకు లెనిన్ బహుమతి వచ్చింది. నేను వెళ్లింది అక్టోబరు చివర. బయట చలి కొరుకుతోంది, ఐదో అంతస్తులో మాత్రం కిటికీలు బార్లా తెరిచి ఉన్నాయి. గదిలో వేడి తగ్గించడానికి ఆ ఇంట్లో ఉన్న మీట అదొక్కటే.

కారణం సెల్లారులో ఉంది. ఊరికంతా నీళ్లు కాచి గొట్టాల్లో పంపే ప్లాంటు నుంచి వచ్చే వేడినీరు సన్నటి నాజిల్‌లోంచి దూసుకొస్తూ, గదుల్ని వెచ్చబరిచే రేడియేటర్లు తిరిగి చల్లారిన నీటిని లాక్కుని కలుపుకుంటుంది. మన బోర్లకు బిగించే జెట్ పంపు సూత్రమే. మోటారు లేదు, కరెంటు అక్కర్లేదు, ఏళ్ల తరబడి పాడవదు. చిక్కల్లా, నాజిల్ రంధ్రం మారదు కాబట్టి కలిపే పాళ్లూ మారవు. స్నానాల నీళ్లు కాగాలి గనక ప్లాంటు తన నీటిని 70 డిగ్రీల కంటే బాగా కిందికి దించలేదు. అందుకే నడిచలికాలంలో సరిపోయే ఇల్లు అక్టోబరులో ఉడికిపోతుంది.

పైగా నిలువు గొట్టం ఒక్కటే. ఐదో అంతస్తు రేడియేటర్‌లోని నీరే నాలుగుకీ, అక్కణ్నుంచి మూడుకీ దిగుతుంది. బైపాస్, అంటే రేడియేటర్‌ని తప్పించుకుని నీరు దిగే పక్క గొట్టం, లేనిచోట ఒకరు మామూలు వాల్వు పెట్టి కట్టేశారంటే ఆ వరస మొత్తం చల్లబడుతుంది.

పక్కనే బాగుచేసిన బ్లాకు ఉంది. అక్కడ ముందు ప్రతి రేడియేటర్‌కీ బైపాస్ వేసి, ఆ తర్వాతే గది వేడిని బట్టి తనంతట తనే తెరుచుకుని మూసుకునే థర్మోస్టాట్ వాల్వు పెట్టారు, అదీ నీటిని పెద్దగా అడ్డుకోని రకం. ప్రతి నిలువు గొట్టం అడుగునా, అన్ని గొట్టాలకూ నీరు సరిగ్గా పంచే బ్యాలెన్సింగ్ వాల్వు. నాజిల్ పోయి, నీళ్లు కలవకుండా వేడి మాత్రం అందించే ప్లేట్ హీట్ ఎక్స్ఛేంజర్, చిన్న పంపు, బయటి చలిని బట్టి వేడిని సర్దే కంట్రోలర్, దానికోసం ఉత్తరం గోడకు సెన్సర్ వచ్చాయి. ఆ సెన్సర్‌ని ఎండ పడే గోడకు బిగిస్తే బయట వెచ్చగా ఉందనుకుని కంట్రోలర్ వేడి కోసేస్తుంది. వేడి మీటరు లెక్క సులువే: ఘనపు మీటరు నీరు ఒక డిగ్రీ చల్లారితే 1.16 యూనిట్ల వేడి ఇస్తుంది, కాబట్టి గంటకు 2 ఘనపు మీటర్ల నీరు 30 డిగ్రీలు చల్లారి తిరిగొస్తే 2×30×1.16, అంటే దాదాపు 70 కిలోవాట్లు.

గోడలకు 15 సెంటీమీటర్ల రాతి ఉన్ని (రాయి కరిగించి తీసిన, వేడిని ఆపే నార) కప్పాక కంట్రోలర్ సెట్టింగు తగ్గించకపోతే మళ్లీ కిటికీలే దిక్కు. కొత్త కిటికీలు బిగుతుగా మూసుకుంటాయి, పాత సందుల్లోంచి ఆడిన గాలి ఆగిపోతుంది. వెంటిలేషన్ చూసుకోకపోతే మూలల్లో బూజు పడుతుంది.

దేశం మొత్తం లెక్క వేరు: సోవియట్ యూనియన్ కూలి ఫ్యాక్టరీలు మూతపడటంతో, 1990తో పోలిస్తే 2000 నాటికి లిథువేనియా గ్రీన్‌హౌస్ వాయువులు సగానికి పైగా పడిపోయాయి. వాతావరణ మార్పుపై క్యోటో ఒప్పందంలో ఒప్పుకున్న 8 శాతం తగ్గింపు అలా అప్పనంగా తీరిపోయింది. మూతపడ్డ ఫ్యాక్టరీల పొగను పొదుపు ఖాతాలో వేయడానికి నాకు మనసొప్పదు. పోలండ్ 1988నీ, హంగరీ 1985–87 సగటునీ పోలిక ఏడాదిగా తీసుకున్నాయి, ఫ్యాక్టరీల పతనానికి ముందటి ఎత్తు నుంచి కొలిచేలా.

అసలు పొదుపు ఎంతో చూద్దాం. 60 చదరపు మీటర్ల ఇంట్లో ఏడాదికి చదరపు మీటరుకు 150 యూనిట్ల వేడి 75కి దిగిందనుకోండి, మిగిలేది 4,500 యూనిట్లు. బాయిలరు సామర్థ్యం 90 శాతం, దారిలో నష్టం 15 శాతం వేస్తే ఇంట్లో ఒక యూనిట్‌కు గ్యాస్ 1.3 యూనిట్లు కాలాలి, కార్బన్ డయాక్సైడ్ సుమారు 0.26 కిలోలు. మొత్తం టన్ను దాటుతుంది. ఇప్పుడిక్కడ ప్లాంట్లలో ఎక్కువగా కాలేది చెక్క ముక్కలు, కాబట్టి ఈ లెక్క గ్యాస్ ఊళ్లకే.

పాత బ్లాకుకు ఇదంతా ఎందుకు రాలేదంటే ఓట్లు చాలక. సగానికి మించి యజమానులు ఒప్పుకుంటేనే పని మొదలవుతుంది, ఖర్చులో కొంత ప్రభుత్వం భరిస్తుంది. పైనా కిందా పక్కలా ఇరుగుపొరుగు వేడితో కాగే మధ్య అంతస్తుల వాళ్లకు అప్పు చేయడం ఎందుకో అర్థం కాదు.