కిండర్‌గార్టెన్‌లో ఒక రోజు: పనికీ పనికీ మధ్యే అసలు పని

కిండర్‌గార్టెన్ క్లాసులో పాఠం దగ్గర రోజు చెడడం నేను చాలా తక్కువ చూశాను. ఒక పని ముగిసి ఇంకోటి మొదలయ్యే ఆ నాలుగైదు నిమిషాల్లోనే చెడుతుంది. ఇరవై మంది ఐదేళ్ల పిల్లలు చేతిలో ఏ పనీ లేకుండా నిలబడితే తోపులాటకు అరనిమిషం చాలు.

కాబట్టి పిల్లలు రాకముందే బల్లలు సిద్ధంగా ఉండాలి. బ్యాగు తగిలించడం, తన పేరున్న కార్డు బోర్డుకు పెట్టడం, నేరుగా బల్ల దగ్గరికి వెళ్లడం. కార్డులు చూస్తే హాజరు తెలిసిపోతుంది, పేర్లు పిలుస్తూ అందర్నీ కూర్చోబెట్టే పని తప్పుతుంది. క్రేయాన్లను అంగుళం ముక్కలుగా విరిచి పెడతాను. పొడుగు క్రేయాన్‌ని పిడికిలితో పట్టేస్తారు, ముక్కైతే పిడికిట్లో ఇమడదు, వేళ్లతోనే పట్టుకోవాలి. ఏడ్చే బిడ్డ దగ్గర్నుంచి అమ్మానాన్నలు చెప్పకుండా జారుకుంటే మర్నాడు ఆ ఏడుపు గుమ్మంలోనే మొదలవుతుంది. టాటా చెప్పి, ఇక ఆగకుండా వెళ్లిపోవడమే మేలు.

అందరం గుండ్రంగా కూర్చునేది పన్నెండు నిమిషాలు, మహా అయితే పదిహేను. ఒక పాట, ఆ రోజు చేసే పనుల బొమ్మల పట్టిక, ఒక చిన్న కథ. పక్కవాడి చొక్కా లాగడం మొదలైందంటే సమయం మించిపోయినట్టే. కథ సగంలో ఉన్నా ఆపేస్తాను.

తర్వాత దిమ్మెల ఆట. 1837లో జర్మనీలోని బాద్ బ్లాంకెన్‌బుర్గ్‌లో పసిపిల్లల కోసం బడి మొదలుపెట్టిన ఫ్రెడరిక్ ఫ్రోబెల్ ఇచ్చిన ఆటవస్తువుల్లో ఎనిమిది చిన్న ఘనాలతో కూడిన ఒక పెద్ద ఘనం ఉంది. ఆట ముగిశాక వాటిని మళ్లీ ఒక్క ఘనంగా పేర్చి పెట్టెలో పెట్టాలి. సర్దడం కూడా ఆటలో భాగమే అన్నమాట. నాకు చాలా ఇష్టమైన ఆలోచన ఇది. మా అరల్లో ఒక్కో దిమ్మె ఆకారాన్ని రంగు కాగితంలో కత్తిరించి అంటించాం. ఏది ఎక్కడ పెట్టాలో అడగక్కర్లేదు. "ఇంకో ఐదు నిమిషాలు" అంటే ఆ వయసులో అర్థం కాదు. "ఇంకో రెండు దిమ్మెలు పెట్టుకో కన్నా, తర్వాత సర్దుదాం" అంటే అర్థమవుతుంది. "అందరూ సర్దండి" అంటే ఎవరూ కదలరు. "నువ్వు పొడుగువి, నువ్వు గుండ్రనివి" అనాలి. కట్టడం పూర్తికాని మేడను కూల్చమనకూడదు, పేరు కార్డు పెట్టి రేపటికి ఉంచాలి.

చేతులు కడుక్కోవడానికి నలుగురు చొప్పున పంపుతాం. సబ్బుతో ఇరవై సెకన్లు రుద్దాలి. మిగతావాళ్లు చప్పట్ల ఆటలో ఉంటారు, వరసలో నిలబెట్టం.

కత్తెర పని తొందరగా నేర్పబోతే పాడవుతుంది. ముందు అరంగుళం వెడల్పున్న దళసరి కాగితపు పట్టీ ఇవ్వాలి. ఒక్క కొరుకుకే ముక్క తెగిపడుతుంది, వాళ్ల ముఖం వెలిగిపోతుంది. పల్చని కాగితం తెగదు, రెండు అలుగుల మధ్య మడతపడుతుంది. "బొటనవేలు పైకి" అని రోజూ చెప్పాల్సిందే. పట్టీ కుదిరాక గీత, గీత కుదిరాక వంపు. వంపు దగ్గర తిప్పాల్సింది కాగితాన్ని, కత్తెరను కాదు. ఎడమచేతి పిల్లలకు ఎడమచేతి కత్తెరే కావాలి. మామూలు కత్తెరతో వాళ్లకు గీత కనబడదు, అలుగులు కూడా ఒకదానికొకటి దూరం జరుగుతాయి. దాన్ని చేతకానితనం అనుకుంటే ఆ బిడ్డకు అన్యాయం చేసినట్టే.

బయట ఆటకు వెళ్లేముందు ఒకసారి, మైదానంలో ఒకసారి, తిరిగి వచ్చి తలుపు వేసేముందు ఒకసారి తలలు లెక్కపెడతాం.

సాయంత్రం బ్యాగులు ముందే సర్దించి, ఒక్కొక్కరి చేతికీ బొమ్మల పుస్తకం ఇస్తాం. తీసుకెళ్లేవారు గుమ్మంలో కనబడ్డాకే ఆ పిల్ల పేరు పిలుస్తాం. ముందే పిలిస్తే ఇరవై మందీ ఒక్కసారి లేచి తలుపు మీద పడతారు.