మీటలు నొక్కకుండా తెలుగు రాయడం: డాషర్‌తో నా అనుభవం

కుడి మణికట్టు నొప్పి ముదిరి, కొన్ని నెలలపాటు కీబోర్డు ముట్టుకోవద్దని వైద్యులు చెప్పినప్పుడు, రోజూ తెలుగులో రాసే అలవాటును ఎలా నిలుపుకోవాలా అన్న బెంగే నన్ను ఎక్కువగా పట్టుకుంది. మాటను అక్షరాలుగా మార్చే సదుపాయాలను వాడి చూశాను గానీ, సంధులూ సమాసాలూ దొర్లే వాక్యాలను సరిదిద్దుకోవడానికి మళ్లీ మీటలే నొక్కవలసి వచ్చింది. తెరమీది కీబోర్డులో ప్రతి గుర్తుకూ ఒక క్లిక్కు కావాలి. నన్ను బాధపెట్టేది ఆ క్లిక్కే. చివరికి, మీటలూ క్లిక్కులూ లేకుండా బాణాన్ని కదిపి రాయించే డాషర్‌ను పట్టుకున్నాను.

ఇది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో భౌతిక శాస్త్రవేత్త డేవిడ్ మెకే, ఆయన విద్యార్థి డేవిడ్ వార్డ్ దీన్ని రూపొందించారు; కంటిచూపుతోనే రాయడం గురించి వారి వ్యాసం 2002లో నేచర్ పత్రికలో వచ్చింది. నేను ఎడమచేత్తో మౌసును కదిపి వాడాను. తెర కుడివైపున అక్షరాలు గళ్లుగా, ఒకదాని కింద ఒకటి పేర్చి ఉంటాయి. బాణాన్ని ఏ గడి వైపు నడిపితే ఆ గడి పెద్దదవుతూ మన దగ్గరకు వస్తుంది, దాని కడుపులో తరువాతి అక్షరాల గళ్లు విచ్చుకుంటాయి. బాణాన్ని ఎడమకు జరిపితే రాసినది వెనక్కు పోయి చెరిగిపోతుంది. తరువాత రావడానికి ఎక్కువ అవకాశమున్న అక్షరానికి పెద్ద గడి దక్కుతుంది, ఆ అవకాశాన్ని అది మనమిచ్చిన నమూనా పాఠం నుంచి లెక్కగడుతుంది.

నా మొదటి పొరపాటు అక్కడే జరిగింది. ఏయే అక్షరాలకు గళ్లుండాలో డాషర్‌కు చెప్పే వర్ణమాల ఫైలును మన ఇష్టప్రకారం రాసుకోవచ్చు కనుక, అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న అన్నీ వరసగా చేర్చి, నమూనా పాఠమేదీ ఇవ్వకుండానే మొదలుపెట్టాను. గళ్లన్నీ ఒకే మందంలో, దారపు పోగుల్లా కనిపించాయి. పైగా కంప్యూటర్లు అక్షరాలను దాచుకునే ప్రమాణమైన యూనికోడ్‌లో ఒత్తు అంటే హల్లు, పొల్లు, మరో హల్లు; కాబట్టి ‘లక్ష్మి’ అనే రెండక్షరాల మాటకు ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అని ఏడు గళ్లు దాటాలి. ఆ ఒక్క మాటకే చేయి అలసిపోయింది.

తరువాత నేను ఏళ్లుగా రాసుకున్న వ్యాసాలను, ఉత్తరాలను ఒకే ఫైలులో చేర్చి నమూనాగా ఇచ్చాను. యూనికోడ్‌కు ముందరి ఫాంట్లలో ఉన్నవి మాత్రం పక్కన పెట్టవలసి వచ్చింది, ఎందుకంటే వాటిలో తెరమీద తెలుగు కనిపించినా ఫైలులో ఉన్నది వేరే గుర్తులు. ఫలితం వెంటనే కనిపించింది. ‘చేస్తు’ దాకా రాగానే న, పొల్లు, మళ్లీ న పెద్ద గళ్లుగా ఎదురొచ్చాయి. బాణాన్ని దాదాపు కదపకుండానే వాటిని దాటాను. గుణింతపు గుర్తులకు ఒక రంగు, హల్లులకు ఇంకొక రంగు ఇచ్చాక కంటికి వెతుకులాట తగ్గింది. హల్లుల వరస మారదు గనుక, చిన్నప్పుడు వల్లించిన కచటతపలు ఇక్కడ నిజంగా అక్కరకు వచ్చాయి.

అన్నిటికంటే ఎక్కువ కాలం నన్ను తిప్పలు పెట్టినది కంటికి కనిపించని ఒక గుర్తు. ‘సాఫ్ట్‌వేర్’ అని రాస్తే ‘ట’ కింద ‘వ’ ఒత్తుగా చేరి ‘సాఫ్ట్వేర్’ అని వచ్చేది. పొల్లు తరువాతి హల్లు ఒత్తుగా మారకుండా ఆపడానికి యూనికోడ్‌లో వెడల్పు లేని అక్షరం ఒకటి ఉంది; దాన్ని నా వర్ణమాలలో చేర్చడం మరిచిపోయాను. ఆ ఫైలులో తెరమీద కనిపించవలసినదీ, వాక్యంలోకి వెళ్లవలసినదీ వేరువేరుగా రాయవచ్చు. అందుకే గడిలో నిలువు గీత కనిపించేటట్టూ, వాక్యంలో ఆ అదృశ్యాక్షరం పడేటట్టూ రాశాను. అసలు ఫైలును తెరిచి మార్చుకునే వీలు లేకపోతే ఈ పని నా వల్ల అయ్యేదే కాదు.

మూడు వారాల సాధన తరువాత నిమిషానికి ఏడెనిమిది మాటలు రాయగలిగాను. వేగాన్ని పెంచినప్పుడల్లా కళ్లు అలసి తప్పులు పెరిగేవి, అందువల్ల దాన్ని తగ్గించే ఉంచాను. మణికట్టు కుదుటపడిన తరువాత కీబోర్డుకు తిరిగి వచ్చినా, నొప్పి తలెత్తిన రోజుల్లో ఉత్తరాలన్నీ ఇప్పటికీ డాషర్‌లోనే రాస్తున్నాను, కొత్తగా రాసిన ప్రతి వ్యాసాన్నీ ఆ నమూనా ఫైలు చివర చేరుస్తున్నాను.