మొదటిసారి స్కీయింగ్: ఊరి ఎంపిక నుంచి బూటు కొలత దాకా 20 వారాల చిట్టా

20 వారాల ముందు: ఊరు

మనుషులు నలుగురు, బయల్దేరేది హైదరాబాద్ నుంచి, మంచు మీద ఉండేది ఐదు రోజులు. ఒక్కరూ ఎప్పుడూ స్కీలు వేసుకోలేదు. ఎంపికంతా ఈ చివరి ముక్క మీదే ఆధారపడింది.

స్కీ ఊరు అనగానే ఎవరైనా ముందు అడిగేది కొండ ఎంతెత్తు, రోప్‌వే ఎక్కడిదాకా వెళ్తుంది అని. కొత్తవాళ్లకు ఆ లెక్కలతో పెద్దగా పని లేదు. మొదటి మూడు రోజులూ గడిచేది వందో రెండొందలో మీటర్ల పొడవున్న చిన్న వాలు మీదే. కాబట్టి ప్రతి ఊరికీ మూడు ప్రశ్నలు పెట్టుకున్నాం. ఆ చిన్న వాలు బసకు ఎంత దూరం? పైకి చేర్చే లిఫ్టు ఉందా, కాళ్లతో ఎక్కాలా? గాలికి పెద్ద రోప్‌వే ఆపేస్తే నేర్చుకోవడం సాగుతుందా, ఆ రోజు గల్లంతేనా?

లిఫ్టు సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ కాదు. వంద మీటర్ల వాలును స్కీలతో అడ్డంగా అడుగులేసుకుంటూ ఎక్కడానికి కొత్తవాళ్లకు పది నిమిషాలు పడుతుంది, దిగడానికి అర నిమిషం. అంటే మూడు గంటల్లో పదిహేనుసార్లు దిగితే గొప్ప, ఆ పదిహేనూ అలసిన కాళ్లతోనే. ఈడ్చుకెళ్లే లిఫ్టుంటే అదే సమయంలో రెట్టింపు పైనే దిగొచ్చు.

సోలాంగ్: మనాలీకి 13 కిలోమీటర్లు. వాలు నేర్చుకోవడానికి బాగుంటుంది, మనాలీలోని పర్వతారోహణ సంస్థ కోర్సులూ నడుపుతుంది. అయితే మంచు నిలకడగా ఉండదు. ఉన్న రోజున మంచు స్కూటర్లు, జారే ట్యూబులు, ఫొటోలవాళ్లు వాలంతా నిండిపోతారు. కొట్టేశాం.

ఔలీ: ఉత్తరాఖండ్‌లో 2,500 నుంచి 3,050 మీటర్ల మధ్య, ఉత్తరం వైపు తిరిగిన వాలు. ఎండ తక్కువ పడుతుంది కాబట్టి పడిన మంచు నిలుస్తుంది. చెయిర్‌లిఫ్టు ఉంది. ప్రభుత్వ పర్యాటక సంస్థ గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ 7 రోజుల కోర్సు, 14 రోజుల కోర్సు పెడుతుంది. చిక్కంతా దారిలో ఉంది. రిషీకేశ్ నుంచి జోషీమఠ్ దాకా 250 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు, పూర్తిగా ఒక రోజు. 2023 జనవరిలో జోషీమఠ్ నేల కుంగినప్పుడు అక్కణ్నుంచి ఔలీకి వెళ్లే నాలుగు కిలోమీటర్ల రోప్‌వే ఆపేశారు, అందుకని లెక్క రోడ్డు మీదే వేసుకోవాలి. రెండు వారాలు తీరిక ఉన్నవాళ్లకైతే మా ఓటు ఔలీకే. ఐదు రోజుల మంచు కోసం రానూపోనూ నాలుగు రోజులు పెట్టడం కుదరదు.

షింబులాక్: కజకిస్తాన్‌లో అల్మాటీ నగరానికి పాతిక కిలోమీటర్లు. 2,260 మీటర్ల నుంచి దాదాపు 3,200 దాకా లిఫ్టులున్నాయి. రాత్రి యంత్రాలతో వాలును చదును చేస్తారు, మంచు తక్కువైతే తయారు చేసి చల్లుతారు. భారతీయులకు 14 రోజుల దాకా వీసా అక్కర్లేదు, ఢిల్లీ నుంచి నేరుగా విమానాలున్నాయి. పాస్‌పోర్ట్ ఉంటే ఇది గట్టి పోటీ. రెండో ప్రణాళికగా పక్కన పెట్టాం.

గుల్‌మార్గ్: కశ్మీర్‌లో, 2,650 మీటర్లు. అందరూ చెప్పుకునేది గొండోలా (క్యాబిన్ల రోప్‌వే) గురించి. మొదటి దశ కాంగ్‌డోరి దాకా సుమారు 3,080 మీటర్లకు, రెండో దశ అఫర్వత్ మీద 3,950 మీటర్ల దగ్గరికి చేరుస్తుంది. మేం ఎంచుకున్నది మాత్రం ఊరి మధ్యలోని మైదానం చూసి. ఎండాకాలం గోల్ఫ్ ఆడే ఆ మెత్తటి మిట్టపల్లాలే చలికాలం స్కీ బడి. బసలు చుట్టూనే ఉంటాయి, ఈడ్చే లిఫ్టులున్నాయి, పైన గాలికి గొండోలా ఆగినా కింద పాఠం ఆగదు. మూడు ప్రశ్నలకూ జవాబు ఇక్కడే కుదిరింది.

17 వారాల ముందు: తేదీలు

మైదానాన్ని ఎంచుకోవడంతో ఒక కొత్త చిక్కు వచ్చింది. మంచు తక్కువ పడిన ఏడాది ముందు ఖాళీ అయ్యేది కిందనున్న మైదానమే. 2024 జనవరిలో నెలలో ఎక్కువ రోజులు గుల్‌మార్గ్‌లో గడ్డి కనిపించింది, మంచు నెలాఖరుకు గానీ రాలేదు.

కశ్మీరీల లెక్కలో డిసెంబరు 21 నుంచి జనవరి నెలాఖరు దాకా నలభై రోజులు చిల్లై కలాన్, ఆ తర్వాత ఇరవై రోజులు చిల్లై ఖుర్ద్, పది రోజులు చిల్లై బచ్చా. చలి మొదటి నలభై రోజుల్లోనే ముదురుతుంది. అయితే మంచు కురవడానికి చలి ఒక్కటే చాలదు, పడమటి నుంచి తడి గాలులు రావాలి. అవి రాని వారాల్లో ఎముకలు కొరికే చలి ఉంటుంది, కాలి కింద మాత్రం గట్టి నేలే. డిసెంబరు సెలవుల్లో వెళ్లి నిరాశపడేవాళ్లంతా చలీ మంచూ ఒకటే అనుకున్నవాళ్లు.

ఫిబ్రవరి మొదటి పదిహేను రోజుల్లో ఒక వారం తీసుకున్నాం. అప్పటికి కురిసింది పేరుకుని ఉంటుంది, మార్చిలోలా మధ్యాహ్నానికి ముద్దకట్టదు. రిపబ్లిక్ డే సెలవులూ దాటిపోతాయి. అలాగని ఫిబ్రవరి కూడా రాసిచ్చిన పత్రం కాదు. 2025లో ఫిబ్రవరి 22న గుల్‌మార్గ్‌లో మొదలవ్వాల్సిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు మంచు చాలక మార్చికి వాయిదా పడ్డాయి. అందుకే బస బుకింగ్‌లో ఒకటే షరతు: పది రోజుల ముందు రద్దు చేసుకున్నా డబ్బు వెనక్కి రావాలి. ఆ షరతు ఒప్పుకునే గది ధర కాస్త ఎక్కువైనా అదే చవక.

14 వారాల ముందు: దారి, కాగితాలు

శ్రీనగర్ నుంచి తంగ్‌మార్గ్ 40 కిలోమీటర్ల లోపు, అక్కణ్నుంచి 13 కిలోమీటర్ల ఘాట్. మంచు కురిస్తే ఈ 13లో చక్రాలకు గొలుసులు లేని బండిని వదలరు, తంగ్‌మార్గ్‌లో బండి మారాలి. శ్రీనగర్‌లో టాక్సీ మాట్లాడేటప్పుడే గొలుసులున్నాయా, గుల్‌మార్గ్ దాకా వస్తారా అని తేల్చుకోవాలి, లేకపోతే రెండుసార్లు కట్టాలి.

తిరుగు ప్రయాణానికి ముందురోజు రాత్రి శ్రీనగర్‌లోనే. మంచుకో పొగమంచుకో విమానాలు రద్దవడం అక్కడ మామూలు. 2025 జూన్ నుంచి కట్రా–శ్రీనగర్ వందేభారత్ నడుస్తోంది కాబట్టి విమానం పోయినా, జాతీయ రహదారి కొండచరియలతో మూసుకుపోయినా, జమ్మూ వైపు బయటపడే దారి ఒకటి మిగిలింది.

బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు. నలుగురిలో కనీసం ఇద్దరికి పోస్ట్‌పెయిడ్ ఉండాలి, అదీ వేర్వేరు కంపెనీలది. ప్రయాణ బీమాలో శీతాకాల క్రీడలు విడిగా రాసి ఉన్నాయో లేదో చూడాలి, చాలా పాలసీలు సాహస క్రీడలను మినహాయిస్తాయి. చేర్చిన పాలసీ కూడా గుర్తించిన వాలు దాటి వెళ్తే వర్తించకపోవచ్చు.

10 వారాల ముందు: కాళ్లు

స్కీయింగ్‌లో తొడ కండరం పని చేసేది పైకి లేపడానికి కాదు, కిందికి జారే బరువును ఆపడానికి. అందుకే రోజూ ఐదు కిలోమీటర్లు పరుగెత్తేవాళ్లకు కూడా రెండో రోజు తొడలు పట్టేస్తాయి. మెట్లు ఎక్కే సాధన కంటే దిగే సాధన ఎక్కువ పనికొస్తుంది: లిఫ్టులో పైకి వెళ్లి పది అంతస్తులు నెమ్మదిగా నడిచి దిగడం, వారానికి మూడుసార్లు.

గోడకు వీపు ఆనించి కుర్చీలో కూర్చున్నట్టు నిలబడటం రెండోది. మొదటి వారం 30 సెకన్ల చొప్పున మూడుసార్లు, నాలుగో వారానికి 60, ఎనిమిదో వారానికి 90. మోకాలు కాలివేళ్లను దాటి లోపలికి ఒరుగుతుంటే సెకన్లు పెంచకూడదు, అదే ఒరుగుడు మంచు మీదా వస్తుంది. ఒంటికాలి మీద నిలబడి పళ్లు తోముకోవడం మూడోది. నవ్వులాటగా అనిపించినా చీలమండకు ఇంతకన్నా తేలికైన సాధన లేదు.

6 వారాల ముందు: ఏది కొనాలి, ఏది అద్దెకు

స్కీలు, బూట్లు, కర్రలు, హెల్మెట్ అద్దెకు. చేతి తొడుగులు, కళ్లద్దాలు, మేజోళ్లు, లోపలి థర్మల్స్ కొన్నాం. ఊలు చేతి తొడుగులు పనికిరావు, పది నిమిషాల్లో నానిపోతాయి. నీళ్లు దిగని పైపొర ఉన్నవే కావాలి. ట్యాంక్‌బండ్ కింద ఉన్న మంచు పార్కు స్నో వరల్డ్‌లో స్కీయింగ్ నేర్చుకోలేరు గానీ తొడుగులూ మేజోళ్లూ అరగంట పరీక్షించడానికి అది చాలు.

కళ్లద్దాలకు రెండు గాజులు: ఎండకు ముదురుది, మబ్బుకు పసుపో గులాబీయో రంగున్న లేతది. మబ్బు రోజున ముదురు గాజుతో మిట్టకీ గుంటకీ తేడా కనపడదు, ఎక్కువమంది పడేది ఆ వెలుతుర్లోనే.

ఇక బూటు. మొత్తం చిట్టాలో ఎక్కువ సమయం దీనికే పెట్టాం, పెట్టాలి కూడా. స్కీ బూటు సైజు సెంటీమీటర్లలో ఉంటుంది. మడమ గోడకు ఆనించి, బరువంతా మోపి, పొడవాటి వేలి దాకా కొలవాలి. రెండు పాదాలూ కొలిచి పెద్దది రాసుకోవాలి. 26 అయినా 26.5 అయినా బయటి ప్లాస్టిక్ డొల్ల ఒకటే, కాబట్టి అర సైజు కోసం దుకాణంలో గొడవపడి లాభం లేదు.

సరిపోయిందో లేదో చూసే పద్ధతి: లోపలి మెత్తటి బూటు బయటికి తీసి, ఖాళీ డొల్లలో కాలు పెట్టి, వేళ్లు ముందుకు తాకించాలి. మడమ వెనక రెండు వేళ్ల మందం ఖాళీ ఉంటే సరే, మూడు వేళ్లు పడితే పెద్దది. తర్వాత అన్నీ బిగించి నిటారుగా నిలబడితే వేళ్లు ముందు గోడను తాకాలి, మోకాళ్లు ముందుకు వంచితే వెనక్కి జరగాలి. మడమ లేస్తే ఆ బూటు వద్దు. అద్దె దుకాణంవాళ్లు ‘కొంచెం వదులుంటే హాయి’ అంటారు. వదులు బూటులో కాలు తిప్పితే స్కీ తిరగదు, తిరగడం లేదని బకిల్ బిగిస్తాం, రక్తం ఆడక వేళ్లు చల్లబడతాయి.

మేజోడు ఒకటే, సన్నది, మోకాలి దాకా వచ్చేది. రెండు వేస్తే వెచ్చగా ఉండదు, పైగా నొక్కుకుని తిమ్మిరెక్కుతుంది. థర్మల్ ప్యాంటు అంచు బూటు లోపలికి పోకూడదు. ఆ ముడత మధ్యాహ్నానికి పిక్క మీద కమిలిన గీతవుతుంది.

స్కీ పొడవు కొత్తవాళ్లకు గడ్డానికీ ముక్కుకీ మధ్య. స్కీ నడుము, అంటే మధ్య భాగం, వెడల్పు 70 నుంచి 80 మిల్లీమీటర్లు చాలు. గుల్‌మార్గ్ దుకాణాల్లో లోతైన పొడిమంచు కోసం ఉంచిన 100కు పైబడిన వెడల్పువి ముందు చూపిస్తారు, చదును చేసిన వాలు మీద అవి తిప్పడం కష్టం. కర్రను తలకిందులుగా పట్టి, కొస దగ్గరి చక్రం కింద చేయి పెడితే మోచేయి లంబకోణంలో ఉండాలి.

బైండింగ్ అంటే బూటును స్కీకి పట్టి ఉంచి, పడినప్పుడు వదిలే బిగింపు. దాని అంకెను ఊహతో పెట్టనివ్వకూడదు. బరువు, ఎత్తు, వయసు, నేర్పు, బూటు అడుగుభాగం (సోల్) పొడవు, ఈ ఐదూ కలిపి పట్టిక చూసి పెట్టాలి. అడుగు పొడవు మిల్లీమీటర్లలో బూటు మడమ పక్కనే అచ్చయి ఉంటుంది. అంకె ఎక్కువైతే పడినప్పుడు స్కీ ఊడదు, మోకాలి లిగమెంటు తెగేది అప్పుడే. తక్కువైతే మలుపు మధ్యలో ఊడుతుంది. నడకకు వీలైన గ్రిప్‌వాక్ అడుగున్న బూటు పాత బైండింగ్‌లో కూర్చున్నట్టే కనిపిస్తుంది గానీ సరిగా ఊడదు. రెండిటి మీదా గుర్తులు సరిచూసుకోవాలి.

10 రోజుల ముందు: వెళ్లాలా, ఆపాలా

మైదానంలో మంచు ఉందా అన్నది ఆ రోజు తీసిన వీడియో అడిగి చూడాలి, అఫర్వత్ ఫొటో చూపిస్తే ఒప్పుకోకూడదు. శ్రీనగర్ వాతావరణ కేంద్రం సూచన కూడా చూశాకే గది ఖాయం. గొండోలా టికెట్లు ఆన్‌లైన్‌లో ముందుగా అయిపోతుంటాయి. మాకు మొదటి మూడు రోజులు అవి అక్కర్లేదు.

మంచు మీద: ఐదు రోజుల పంపకం

చేరిన రోజు నడక, నీళ్లు, నిద్ర. 540 మీటర్ల ఊరి నుంచి ఒక్క రోజులో 2,650కి వస్తే తలనొప్పి సహజం. తగ్గకుండా వాంతులు మొదలైతే కిందికి దిగాలి.

1వ రోజు: ఒక్క స్కీతో జారడం, తర్వాత రెండూ, ఆపైన నాగలి ఆకారం. స్కీల ముక్కులు దగ్గరికి, మడమలు బయటికి. అందరూ చేసే తప్పు భయంతో వెనక్కి వాలడం. వాలితే స్కీ ముందు భాగం తేలిపోతుంది, మలుపు తిప్పేదీ ఆపేదీ అదే. ముంగాలి ఎముక బూటు నాలుకను నొక్కుతున్నంతసేపూ అదుపు ఉన్నట్టు. పడక తప్పకపోతే పక్కకు, కొండ వైపుకు.

2వ రోజు: ఈడ్చే లిఫ్టు. కాళ్ల మధ్య పళ్లెం చూసి కుర్చీ అనుకుని కూర్చుంటారు, స్ప్రింగు సాగి వెల్లకిలా పడతారు. నిలబడే ఉండాలి, లాగనివ్వాలి.

3వ రోజు: ఒక్క పూటే. మధ్యాహ్నం సెలవు. దెబ్బలు ఎక్కువ తగిలేది ఈ మధ్యాహ్నమే, నైపుణ్యం వచ్చిందనిపిస్తుంది, తొడల్లో ఓపిక ఉండదు. బూటు లోపలిది తీసి ఆరబెట్టుకోవాలి, గది వెచ్చబరిచే బుఖారీ పొయ్యికి ఆనించకూడదు, నురగ కరిగి ఆకారం పోతుంది.

4వ రోజు: నాగలితో రెండు వైపులా పది మలుపులు ఆగకుండా వస్తే గురువుతో కాంగ్‌డోరి. రాకపోతే మళ్లీ మైదానం.

5వ రోజు: అఫర్వత్, స్కీలు బసలోనే వదిలేసి. పైన గస్తీవాళ్లు చూసేది గొండోలా కింది పల్లాన్ని మాత్రమే. హద్దు తాడు దాటితే మంచులో పూడినవాళ్లను వెతికే ట్రాన్సీవర్, పార, పొడవాటి కడ్డీ, వాటిని వాడటం తెలిసిన తోడు ఉండాలి. 2024 ఫిబ్రవరిలో మంచు చరియలు విరిగిపడి ఒక విదేశీ స్కీయర్ చనిపోయింది ఈ కొండ మీదే. గాలి లేకపోతే రెండో దశ టికెట్ తీసుకుని పైన అరగంట, అదే క్యాబిన్‌లో కిందికి. ఒంటిగంటకల్లా దిగి అద్దె సామాను అప్పగించాలి, చీకటి పడకముందే తంగ్‌మార్గ్ ఘాట్ దాటాలి.